పులసా, రొయ్యా? కలకత్తా డెర్బీకి వెళ్లొచ్చిన కథ

ఆగస్టు 15, శుక్రవారం: ఖరగ్‌పూర్

ఖరగ్‌పూర్‌లో రైలు దిగితే తెలుగు కోసం వెతుక్కోనక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి వర్క్‌షాపు పనికి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆంధ్రా హైస్కూల్ ఉంది. 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా కూడా ఇచ్చింది. మా మావయ్య ఆ వర్క్‌షాపులోనే చేసి రిటైరయ్యాడు. సొంతూరు టెక్కలి దగ్గర. మామూలు కోపమైతే బెంగాలీలో తిడతాడు, కోపం ముదిరితే శ్రీకాకుళం యాసలోకి దిగుతాడు.

నేను ఫలక్‌నుమా ఎక్కి వచ్చింది ఆదివారం మ్యాచ్ కోసం. 2025 డ్యూరాండ్ కప్ క్వార్టర్ ఫైనల్, మోహన్ బగాన్‌కీ ఈస్ట్ బెంగాల్‌కీ. కలకత్తాలో పాత పగ ఉన్న రెండు ఫుట్‌బాల్ క్లబ్బులివి, వీటి మధ్య పోటీనే డెర్బీ అంటారు. వేదిక సాల్ట్‌లేక్ స్టేడియం. డ్యూరాండ్ 1888లో సిమ్లాలో మొదలైంది, ఆసియాలో అంతకన్నా పాత ఫుట్‌బాల్ టోర్నీ లేదు. 2019 నుంచి కలకత్తాకి మకాం మార్చింది. ఈసారి టికెట్లకి మామూలు కన్నా ఎక్కువ గిరాకీ. దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) నిర్వహణ ఒప్పందం గొడవలో పడి కొత్త సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తెలియని పరిస్థితి. పెద్ద జట్లు మళ్లీ ఎప్పుడు తలపడతాయో అని జనానికి బెంగ.

మావయ్యని ఏ జట్టు అభిమానివి అని అడిగితే తిన్నగా జవాబు రాదు. "హబీబ్ ఏ జెర్సీ ఏసుకుంటే ఆ జట్టు" అంటాడు. మన హైదరాబాద్ మొహమ్మద్ హబీబ్. 1966లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు, తర్వాత మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్, మళ్లీ వెనక్కి. మైదానంలో అందరూ 'బడే మియా' అనేవాళ్లు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌కి పెలే కాస్మోస్ జట్టుతో వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. మావయ్య ఆ మ్యాచ్ రేడియోలో విన్నాడు. ఆ గోలు ఎలా పడిందో ఇప్పటికీ వరండాలో నిలబడి కాలు ఎత్తి చూపిస్తాడు, అత్తయ్య పూలకుండీలు పక్కకి జరుపుతుంది.

హబీబ్ 2023లో సరిగ్గా ఆగస్టు 15నే హైదరాబాద్‌లో పోయాడు. ఆ వార్త మన దగ్గర పేపర్లో ఏ మూలన వచ్చిందో నాకు గుర్తులేదు. ఖరగ్‌పూర్‌లో మాత్రం టీ కొట్టు దగ్గర దాని గురించే మాట్లాడుకున్నారట.

ఆగస్టు 16, శనివారం: మైదాన్

పొద్దున్నే లోకల్ ఎక్కి హౌరా. అక్కడి నుంచి మెట్రోలో నది కిందుగా ఎస్ప్లనేడ్. హుగ్లీ అడుగున రైలు వెళ్తున్నంతసేపూ సొరంగం గోడలకి నీలం దీపాలు వెలుగుతాయి, ఫోన్లు బయటికి తీసేలోపే అయిపోతుంది. మేం వెళ్లినప్పుడు ఎస్ప్లనేడ్, సియాల్దా మధ్య ముక్క ఇంకా తెరవలేదు. అదే నెల 22న తెరిచారు. ఇప్పుడైతే హౌరాలో ఎక్కి ఎక్కడా మారకుండా సాల్ట్‌లేక్ స్టేడియం స్టేషన్లో దిగొచ్చు.

స్టేడియం చూసే ముందు మైదాన్, అంటే నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద పచ్చిక బయలు, చూడాలని మావయ్య పట్టు. పట్టు న్యాయమైనదే. ఈ ఆటకి అసలు పుట్టిల్లు అదే. మైదాన్ భూమి సైన్యానిది. అందుకే వందేళ్లు దాటిన క్లబ్బులైనా వాటి ఆఫీసుల్ని ఇప్పటికీ 'టెంట్' అనే పిలుస్తారు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ మూడూ నడిచి తిరగ్గలిగేంత దగ్గర్లో ఉంటాయి. ఇంత పగ పెట్టుకుని ఇంత ఇరుగుపొరుగుగా బతకడం కలకత్తాకే చెల్లింది.

దారిలో గోష్ఠ పాల్ విగ్రహం. మోహన్ బగాన్ డిఫెండర్, బూట్లేసుకున్న తెల్లవాళ్లని ఉత్త కాళ్లతో ఆపినవాడు. పద్మశ్రీ అందుకున్న మొదటి ఫుట్‌బాలర్, 1962లో. వానకి తడిసి నల్లగా మెరుస్తున్నాడు.

మోహన్ బగాన్ క్యాంటీన్లో చికెన్ స్ట్యూ, టోస్టు తినకుండా వెళ్లకూడదని ఎవరిని అడిగినా చెబుతారు. పల్చటి పులుసు, అందులో ఒక కోడి ముక్క, బంగాళాదుంప, బొప్పాయి ముక్క, పైన మిరియాల పొడి. కారం అలవాటైన మన నాలుకకి ఇది జ్వరం వచ్చినప్పుడు పెట్టే తిండి. మావయ్య మాత్రం గిన్నె ఎత్తి తాగేశాడు. మా బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన నేను హైదరాబాద్ నుంచి వచ్చానని తెలియగానే తన స్ట్యూ సంగతి మర్చిపోయారు. "అక్బర్ తెలుసా? హబీబ్ తమ్ముడు. 1976 లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద పదిహేడో సెకనులో గోలు!" అంటూ టోస్టు ముక్కని బల్ల మీద ఎడమ నుంచి కుడికి దొర్లించి చూపించారు. నాకు తెలుసో లేదో వినకుండానే నయీముద్దీన్ దగ్గరికి వెళ్లిపోయారు, అక్కడి నుంచి షబ్బీర్ అలీ. అన్నీ మన ఊరి పేర్లే. హైదరాబాద్‌లో వీళ్ల పేర్లు చెబితే ఎవరి అల్లుడు అని అడుగుతారు.

ఇక్కడి వాళ్లకి 1911 జులై 29 అంటే పండగ. ఆ రోజు ఐఎఫ్‌ఏ షీల్డ్ అనే కలకత్తా పాత టోర్నీ ఫైనల్లో మోహన్ బగాన్ 2-1తో బ్రిటిష్ సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించింది. పదకొండు మందిలో పాదిరీ సుధీర్ చటర్జీ ఒక్కడికే బూట్లు. శివదాస్ భాదురీ, అభిలాష్ ఘోష్ చెరో గోలు కొట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత పుట్టిన ఈస్ట్ బెంగాల్ కథ వేరు. 1920లో జోరాబగాన్ అనే క్లబ్బు మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి తూర్పు బెంగాల్ కుర్రాడు శైలేశ్ బోసుని పక్కన పెట్టింది. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్‌చంద్ర చౌధురీకి కోపమొచ్చి బయటికి వచ్చేశాడు, ఆగస్టు 1న వేరే కుంపటి పెట్టాడు. దేశ విభజన తర్వాత ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన లక్షల మందికి ఆ క్లబ్బు పేరే సొంతూరు పేరైంది. అటు నుంచి వచ్చినవాళ్లు 'బాంగాల్', ఇక్కడివాళ్లు 'ఘోటీ'. బాంగాల్ జెండా ఎరుపు, పసుపు, దాని మీద కాగడా. ఘోటీ జెండా ఆకుపచ్చ, మెరూన్, దాని గుర్తు తెరచాప పడవ.

ఆగస్టు 16కి ఇంకో అర్థం కూడా ఉంది. 1980లో ఇదే తేదీన ఈడెన్ గార్డెన్స్‌లో డెర్బీ జరుగుతుండగా ఇద్దరు ఆటగాళ్లు కలబడ్డారు, రెఫరీ ఇద్దర్నీ బయటికి పంపాడు. రెండు జట్ల అభిమానులు ఒకే స్టాండులో కలిసి కూర్చునే రోజులవి. గొడవ రాజుకుని తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. అందుకే ఏటా ఈ రోజు వాళ్ల జ్ఞాపకంగా రక్తదాన శిబిరాలు పెడతారు.

రాత్రి బస బేలేఘాటాలో, మావయ్యతో రైల్వేలో కలిసి పనిచేసిన దాదా ఇంట్లో. దాదా నాన్నగారు బరిసాల్ నుంచి వచ్చినాయన, అంటే దాదా నిఖార్సైన బాంగాల్. బౌది అంటే వాళ్లావిడ, ఉత్తర కలకత్తా ఘోటీ. పెళ్లై నలభై ఏళ్లు దాటినా డెర్బీ వారం వచ్చిందంటే టీవీ రిమోట్ దగ్గర మాటలుండవు, చూపులే.

దాదా వాళ్ల నాన్నగారి ఆల్బమ్ తెచ్చారు. పత్రికల్లోంచి కత్తిరించి మైదా పిండితో అంటించిన బొమ్మలు. ఒక పేజీలో ఐదుగురు కుర్రాళ్లు, నిక్కర్లు మోకాళ్ల దాకా. ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి చెప్పారు: వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఈస్ట్ బెంగాల్ పంచపాండవులు. ఐదుగురూ దక్షిణాది వాళ్లే. 1949, 50, 51 వరసగా మూడేళ్లు షీల్డ్ తెచ్చిపెట్టారు. బరిసాల్‌లో భూములు పోగొట్టుకుని వచ్చిన ఆ పెద్దాయన అప్పారావు బొమ్మ పక్కన సిరాతో బెంగాలీలో ఏదో రాసుకున్నారు. ఏమిటని అడిగితే "తేదీ, స్కోరు, అంతే" అన్నారు దాదా.

తర్వాతి పేజీల్లో తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోలు కొట్టాడు, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకం జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కోచ్ రహీం సాబ్ కూడా హైదరాబాదీయే. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే 1950లో ఇదే డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించింది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల బలరాం ఆట తొందరగానే ఆగిపోయింది. ఈస్ట్ బెంగాల్ నుంచి బీఎన్‌ఆర్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) జట్టుకి మారాడు, రైల్వేలో ఉద్యోగం. "మా డిపార్టుమెంటు మనిషేరా" అని మావయ్యకి గర్వం. సికింద్రాబాద్‌కి తిరిగి వెళ్లలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉంటూ 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

ఆగస్టు 17, ఆదివారం: సాల్ట్‌లేక్

మ్యాచ్ రాత్రి ఏడింటికి. మధ్యాహ్నం రెండు నుంచే బేలేఘాటా రోడ్డు మీద జెండాలు కట్టిన మెటడోర్ లారీలు మొదలయ్యాయి. ఒక్కో బండిలో పాతిక ముప్ఫై మంది, డప్పులు, కాగడాల బొమ్మలు. ఎదురుగా ఆకుపచ్చ బండి వస్తే రెండూ స్లో అవుతాయి, తనివితీరా తిట్టుకుంటాయి, సిగ్నల్ పడగానే ఎవరి దారిన వాళ్లు పోతారు.

బౌది పొద్దున్నే పెద్ద రొయ్యలు తెప్పించి కొబ్బరిపాలలో వండి మూతపెట్టారు. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్. అదీ ఇక్కడి ఆనవాయితీ. ఇలిష్ అంటే మన గోదావరి పులసే. "గెలవకముందే వండేసింది, చూడండి ఆ ధీమా" అని దాదా మా వైపు తిరిగి అన్నారు. బౌది వినపడనట్టు ఉల్లిపాయలు తరుగుతున్నారు.

స్టేడియం అసలు పేరు వివేకానంద యువభారతి క్రీడాంగణ్. 1984 జనవరిలో నెహ్రూ కప్‌తో మొదలైంది. ఈఎం బైపాస్ వైపు నుంచి చూస్తే అంత పెద్దదిగా అనిపించదు, గేటు దాటి ర్యాంపు ఎక్కుతుంటే తెలుస్తుంది. ముందు ఆ విగ్రహం సంగతి చెప్పాలి. 2017 అండర్-17 ప్రపంచకప్ సమయంలో పెట్టారు: బంతి మీద పాదం మోపిన రెండు కాళ్లు, నడుము దాకా వచ్చి ఆగిపోయాయి, మొండెం ఉండాల్సిన చోట బెంగాల్ ప్రభుత్వం వాడిన గుండ్రటి బిశ్వ బంగ్లా లోగో. మావయ్య చాలాసేపు చూశాడు. "ఏట్రా ఇది, కాళ్లు సెక్కి మిగతాది మర్సిపోనారేటి?" పక్కనున్న కుర్రాళ్లకి తెలుగు రాకపోయినా ఆ గొంతు విని పగలబడి నవ్వారు.

మా గేటు ఎరుపు, పసుపు వైపు. సీసాలు, హెల్మెట్లు, బ్యాగులు లోపలికి రానివ్వరు. దాహమేస్తే గ్యాలరీలో నీళ్ల ప్యాకెట్లు అమ్ముతారు. కొస కొరికి నోట్లో పిండుకోవాలి. పదడుగులు వేస్తే కాలికింద ఒక ఖాళీ ప్యాకెట్ చప్పుడు చేస్తుంది. ఈ గేటు బయటే, ఏడాది క్రితం 2024 ఆగస్టు 18న, డెర్బీ రద్దయిన రోజు రెండు క్లబ్బుల వాళ్లూ కలిసి నిలబడ్డారు. ఆర్జీ కర్ ఆసుపత్రిలో డాక్టర్ హత్య మీద నగరమంతా రోడ్డెక్కిన రోజులవి. ఆకుపచ్చ జెర్సీ, ఎరుపు జెర్సీ ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి న్యాయం అడిగారు, పోలీసులు లాఠీలు ఝళిపించారు. దాదా కూడా ఆ రోజు ఇక్కడే ఉన్నారు. పక్కన ఎవరున్నారో చూడలేదని అన్నారు. వెంటనే, "ఆ ఒక్క రోజే" అని కలిపారు.

లోపల గిన్నెలా దిగే మూడంతస్తుల గ్యాలరీ. ఒకప్పుడు ఉత్త సిమెంటు మెట్లు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1,31,781 మంది వచ్చారు, భారత గడ్డ మీద ఏ ఆటకీ అంతమంది రాలేదని ఇక్కడివాళ్లు ఢంకా బజాయించి చెబుతారు. ఆ మ్యాచ్ ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ల పేర్లతో వేళాకోళం ఆడాడు. భూటియాని 'చుంగ్ చుంగ్' అన్నాడు, ఒమోలోని 'ఆమ్లెట్' అన్నాడు, సోసోని దోసకాయ చేశాడు. అవతలి కోచ్ పీకే బెనర్జీ తిరిగి ఒక్క మాట అనకుండా ఆ మాటల్నే తన కుర్రాళ్లకి ఎక్కించాడు. భూటియా హ్యాట్రిక్, 4-1. దాదా ఆ రోజు పై అంతస్తులో ఉన్నారు. ఆయన చెబుతుంటే మా ముందు వరసలో ఇంజినీరింగ్ కుర్రాళ్లు వెనక్కి తిరిగి కూర్చుని విన్నారు, మైదానంలో అప్పటికే వార్మప్ నడుస్తున్నా.

2017 ప్రపంచకప్ కోసం కుర్చీలు వేశాక ఆ లెక్క మళ్లీ సాధ్యం కాదు. కుర్చీలు మంచివే. కానీ ఈ స్టేడియానికి ఒక లోపం ఉంది: మైదానం చుట్టూ పరుగు పందేల ట్రాక్. దానివల్ల గోల్ పోస్టు వెనక కూర్చున్నవాళ్లకి అవతలి కొస దూరంగా, పలచగా కనిపిస్తుంది. టికెట్ కొనేవాళ్లు కింది వరసల ఆశ మానుకుని పైకి ఎక్కడం మంచిది.

ఏడింటికి ముందు రెండు వైపులా పెద్ద పెద్ద గుడ్డ బొమ్మలు పైనుంచి కిందికి జారాయి. మా మీదుగా వచ్చిన గుడ్డ కింద కాసేపు చీకటి, పెయింటు వాసన. చేతులు పైకెత్తి పట్టుకోమని ఒకాయన అరుస్తున్నాడు. మేం పట్టుకున్న బొమ్మ ఏమిటో మాకే కనబడదు. ఎదురు గ్యాలరీ వాళ్లు ఈల వేస్తే బాగున్నట్టే అని దాదా లెక్క.

ఆట మొదట్లో మోహన్ బగాన్ కాళ్ల దగ్గరే బంతి ఎక్కువ. అందరి కళ్లూ లిస్టన్ కొలాసో ఎప్పుడు లోపలికి కోసుకొస్తాడా అని. ఇంతలో ఈస్ట్ బెంగాల్ మొరాకో ఆటగాడు గాయపడి బయటికి వచ్చాడు. మా చుట్టూ తల పట్టుకున్నారు. అతని బదులు దిగినవాడు దిమిత్రియోస్ డయామంటకోస్, గ్రీస్ మనిషి, అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌కి ఆడుతూ ఐఎస్‌ఎల్‌లో గోల్డెన్ బూట్ గెలిచాడు. విరామానికి ముందు పెనాల్టీ వచ్చింది. అతనే కొట్టాడు. గోలయ్యాక ఏం జరిగిందో నేను సరిగ్గా చూడలేదు, ఎందుకంటే నా ముందున్న కుర్రాడు నన్ను ఎత్తేశాడు. ముక్కూ మొహం తెలియదు. కిందికి దించి, జేబులోంచి పడిపోయిన నా ఫోన్ తీసి తన చొక్కాతో తుడిచి ఇచ్చాడు.

రెండో సగం మొదలైన కాసేపటికే మళ్లీ డయామంటకోస్. 2-0. అప్పుడు మావయ్య కూడా లేచాడు. పొద్దుట్నుంచి రెండు జట్లూ నావే అన్నవాడు, ఎప్పుడు కొన్నాడో గానీ మెడలో ఎరుపు, పసుపు కండువా. అనిరుధ్ థాపా ఒకటి తిరిగి కొట్టాక మాత్రం అసలు టెన్షన్ మొదలైంది. 2-1. అవతలి గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది, ఆ చప్పుడు కుర్చీ ప్లాస్టిక్‌లో తెలుస్తోంది. దాదా ఆట చూడటం మానేసి నేల చూపులు చూస్తూ "టైమెంత?" అని అడగడం మొదలుపెట్టారు. మావయ్య ప్రతిసారీ రెండు నిమిషాలు తగ్గించి చెప్పాడు. చివరి ఈల పడ్డాక దాదా అలాగే కూర్చుండిపోయారు, కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ.

బయటికి రావడానికి గంట పైనే పట్టింది. మెట్ల మీద గుంపు కదలదు, తోసుకోవడం లేదు, పాటలే. నడుచుకుంటూ ఇంటికి చేరేసరికి బౌది అన్నం వడ్డించి ఉంచారు. రొయ్యల గిన్నె బల్ల మీద లేదు. ఎవరూ అడగలేదు. పప్పు, వంకాయ వేపుడు తిని పడుకున్నాం.

ఆగస్టు 18, సోమవారం: మానిక్‌తలా బజార్

పొద్దున ఆరింటికే దాదా మమ్మల్ని లేపి మానిక్‌తలా చేపల బజారుకి తీసుకెళ్లారు. ఎత్తు అరుగుల మీద చేపలవాళ్లు కూర్చుని ఉంటారు, కింద నిలువుగా పెద్ద బోటి కత్తి, పైన పసుపు బల్బులు. ఆ బల్బు వెలుగులో ఇలిష్ వెండిలా మెరవాలి, వీపు మీద గులాబీ ఛాయ ఉండాలి, పొట్ట నొక్కితే గట్టిగా ఉండాలి. గుడ్డు ఉన్న చేప రుచి తక్కువని దాదా వాదన. మావయ్య ఒప్పుకోడు.

కిలో పైన తూగే చేప రెండు వేలకి దగ్గర్లో చెప్పాడు. దాదా బేరం మొదలుపెట్టగానే చేపలవాడు దాదా మొహంలో వెలుగు చూసి పసిగట్టేశాడు. తను ఘోటీ. "నిన్న గెలిచింది మీరే కదా దాదా, ఇవాళ కట్టాల్సింది కూడా మీరే" అని ఒక్క రూపాయి తగ్గించలేదు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. దాదా ఓడిపోయి కూడా సంతోషంగా డబ్బు తీశారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మన సామెత మావయ్య బెంగాలీలోకి మార్చి వినిపిస్తే చేపలవాడు కొట్టడం ఆపి రెండోసారి చెప్పించుకున్నాడు.

వంట దగ్గర పెద్ద చర్చ. ఆవాలు, పచ్చిమిర్చి నూరి, ఆవనూనె పోసి మూతపెట్టి ఆవిరి మీద ఉడికించడం బౌది పద్ధతి. ఇలాంటి చేపని చింతపండు, బెండకాయలు వేసి మట్టి దాకలో పులుసు పెట్టి మర్నాడు తినాలి గానీ ఇదేం వంట అని మావయ్య తెలుగులో నాతో గొణిగాడు. నా ఓటు బౌదికే. ముల్లు తీసుకోవడం మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి, నాకు మాటిమాటికీ గొంతులో గుచ్చుకుంటూనే ఉంది. బౌది ఒక్క ముక్క కూడా ముట్టలేదు, నిన్నటి రొయ్యలు వేడిచేసుకుని తనొక్కతే తిన్నారు. దాదా అడిగినా పెట్టలేదు.

డ్యూరాండ్‌లో ఈస్ట్ బెంగాల్ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. 20న సెమీఫైనల్లో డైమండ్ హార్బర్ అనే కొత్త జట్టు 2-1తో ఇంటికి పంపింది. అక్టోబరులో ఇంకో వార్త: మా హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన జట్టది. గచ్చిబౌలిలో ఆ గ్యాలరీ సగం కూడా నిండని రోజులు నేను చూశాను కాబట్టి ఆశ్చర్యపోలేదు గానీ, ఆ వార్త దాదాకి ఎలా చెప్పాలో తోచలేదు. ఆయనకి ముందే తెలిసింది. "రహీం సాబ్ ఊళ్లో జట్టు లేదా?" అని మావయ్యని నాలుగుసార్లు అడిగారట.

అదే నెల 18న ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్, మళ్లీ అదే సాల్ట్‌లేక్, మళ్లీ ఆ రెండు జట్లే. పెనాల్టీల్లో మోహన్ బగాన్ గెలిచింది. ఆ రాత్రి బౌది నుంచి వీడియో కాల్. మాటలేం లేవు. ముందు కొబ్బరిపాలలో ఉడుకుతున్న రొయ్యలు చూపించారు, తర్వాత ఫోన్ మెల్లిగా తిప్పి, సోఫాలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న దాదాని చూపించారు.